రాతి మీద లేని మాట

మా విజయనగరం దగ్గరి రామతీర్థం కొండల్లో రాతలకు కొదవలేదు. ఇక్కడ దొరికిన విష్ణుకుండిన ఇంద్రవర్మ రాగిరేకులు సంస్కృతంలో ఉన్నాయి. తూర్పు చాళుక్య విమలాదిత్యుడి కాలపు గుహ శాసనం కన్నడంలో ఉంది. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడి పేరు మనకు తెలిసింది దానివల్లే. గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల ఇటుక గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ ఇటుకలు కాల్చినవాళ్లు, కొండమీదికి నీళ్లు మోసినవాళ్లు తమలో తాము ఏ మాటలు అనుకున్నారో మాత్రం ఆ రెండు శాసనాలూ చెప్పవు. ఏలేవాడి భాషకే రాయి దక్కింది, రాగి దక్కింది.

సెనెగల్ రచయితల్ని చదవడం మొదలుపెట్టాక ఈ వెలితి నన్ను మరీ బాధపెట్టింది. పడమటి ఆఫ్రికా కొసన, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న దేశం అది. జనంలో ఎక్కువమందికి వొలోఫ్ వచ్చు. పుస్తకాలు మాత్రం చాలావరకు ఫ్రెంచిలో వచ్చాయి. ఫ్రెంచివాళ్లు ఏలిన ఆఫ్రికా బడుల్లో ఇంటి భాష నోరుజారిన పిల్లవాడి మెడలో ఒక గుర్తు వేలాడదీసేవారు. ఇంకో పిల్లవాడు అదే తప్పు చేసి దొరికేదాకా అది వాడి మెడలోనే ఉండాలి. మన దగ్గర తెలుగులో మాట్లాడితే జరిమానా వేసే బడులను చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ బడుల్లో చదివి పైకొచ్చినవాడే లియోపోల్డ్ సెదార్ సెంఘోర్. 1906లో పుట్టాడు. నల్లజాతి ఆత్మగౌరవాన్ని నీగ్రిట్యూడ్ పేరుతో కవిత్వం చేశాడు. 1960లో స్వతంత్ర సెనెగల్‌కు తొలి అధ్యక్షుడై ఇరవై ఏళ్లు పాలించాడు. 1974లో మద్రాసు వచ్చి తన నీగ్రిట్యూడ్‌కూ ద్రావిడ సంస్కృతికీ మధ్య ఉన్న చుట్టరికం గురించి ప్రసంగించాడు. అంత దూరాన ఉన్న కవి మనల్ని బంధువులుగా తలచుకున్నాడంటే నాకు గర్వంగానే ఉంటుంది. అయితే ఆయన కవిత్వమంతా ఫ్రెంచిలోనే. 1983లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికైన మొదటి ఆఫ్రికన్ కూడా ఆయనే.

నోటి మాటకూ పుస్తకం భాషకూ మధ్య ఈ చిక్కుముడి మన విజయనగరంలో వందేళ్ల కిందటే పడింది. ఇక్కడి ముడి రెండు భాషల మధ్య కాదు, ఒకే భాషలోని రెండు రూపాల మధ్య. పుస్తకానికి గ్రాంథికం, నోటికి వాడుక. ఆ ముడిని విప్పడానికి కూర్చున్న ఇద్దరూ విజయనగరం బడిలో కలిసి చదువుకున్నవాళ్లే. గురజాడ అప్పారావు 1862లో పుట్టాడు, గిడుగు రామమూర్తి 1863లో. ఇద్దరూ శాసనాలు చదివినవాళ్లు. గురజాడ విజయనగర సంస్థానంలో ఆ పనే చేశాడు. గిడుగు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ముఖలింగం గుడి గోడల మీది లిపిని సొంతంగా నేర్చుకున్నాడు.

శాసనాలు చదివినవాడికి ఒకటి తెలుస్తుంది. ఏ కాలపు మాటా అట్లాగే నిలిచిపోదు, తెలుగు నూరేళ్లకోసారి ఒళ్లు మార్చుకుంటూనే వచ్చింది. మరి ఒకనాటి రూపాన్ని పట్టుకుని ఇదే శాశ్వతం అనడం ఎలా కుదురుతుంది? గిడుగు పాత వచనాల్ని తవ్వి తీసి, పండితులు తప్పులన్న వాడుకలు పెద్దల రాతల్లోనే ఉన్నాయని ఒక్కొక్కటిగా చూపించాడు. అయితే శాసనాలు చదివినవాళ్లంతా ఇటువైపే నిలబడ్డారనుకుంటే పొరపాటు. గ్రాంథికానికి పెద్దదిక్కయిన జయంతి రామయ్య పంతులు కూడా గొప్ప శాసన పండితుడే. రాయి ఒక్కటే చాలదన్నమాట.

ఆ లోటు తీర్చేది గిడుగుకు సవర గూడేల్లో దొరికింది. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లోని సవరలకు అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. ఆయన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకు బడులు పెట్టాడు. 1931లో సవర భాషా వివరణ గ్రంథం అచ్చయింది, తర్వాత నిఘంటువు వచ్చింది. అక్షరం లేని భాషకూ నిండైన వ్యాకరణం ఉంటుందని చెవితో విని తెలుసుకున్న మనిషి, మన రైతు మాట్లాడే తెలుగు వ్యాకరణం లేనిదంటే ఒప్పుకుంటాడా? ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ మలుపే. వాడుక భాష ఉద్యమం చరిత్ర చెప్పేటప్పుడు సభలూ వాదాలూ చెబుతాం కానీ సవర గూడేన్ని ఓ మూలన పెట్టేస్తాం.

గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది, పెంచి తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. దాని వెనక ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కపు పెళ్లిళ్లను మహారాజా ఆనంద గజపతి మూడేళ్లకు లెక్కకట్టిస్తే 1034 తేలాయి. ఏడాది నిండిన పసిపిల్లలకూ పెళ్లిళ్లు జరిగాయి. ఆ పసిదాన్ని అమ్మిన భాష గ్రాంథికం కాదు కదా. బేరం జరిగిన మాటల్లోనే దాన్ని చూపించాలని గురజాడ పట్టుబట్టాడు. అందుకే అగ్నిహోత్రావధాన్లు ఒకలా, గిరీశం ఒకలా, మధురవాణి ఒకలా మాట్లాడతారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో వ్యాసరచన భాష మీద వేసిన సంఘంలో మెజారిటీ గ్రాంథికం వైపు మొగ్గితే 1914లో అసమ్మతి పత్రం రాసిచ్చాడు. మరుసటేడు నవంబరులో కన్నుమూశాడు. గిడుగు 1919లో ‘తెలుగు’ పేరుతో పత్రిక పెట్టి ఆ పోరును మోశాడు.

ఇటువంటి పత్రికే సెనెగల్లోనూ పుట్టింది. ఉస్మాన్ సెంబెన్ 1923లో జన్మించాడు. మార్సెయ్ ఓడరేవులో మూటలు మోశాడు, నవలలు రాశాడు. 1947లో మొదలై నెలల తరబడి సాగిన డకార్-నైజర్ రైల్వే సమ్మె మీద 1960లో ఆయన రాసిన నవలలో నీళ్లకోసం, గింజలకోసం పోరాడే ఆడవాళ్లే కథను నడుపుతారు. తాను ఎవరి గురించి రాశాడో వాళ్లకు ఫ్రెంచి చదవడం రాదు. అందుకని సెంబెన్ సినిమాకు మళ్లాడు. 1968లో ‘మండాబి’ని వొలోఫ్‌లో తీశాడు. 1970ల తొలినాళ్లలో స్నేహితులతో కలిసి ‘కడ్డు’ అనే వొలోఫ్ పత్రిక నడిపాడు. ఆ పేరుకు అర్థం మాట. ఆయన సినిమా ‘సెడ్డో’ను 1977లో సెంఘోర్ ప్రభుత్వం ఆపేసింది. పేరులో ‘డ’ ఒత్తు ఉండకూడదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కవి అయిన అధ్యక్షుడు ఒక్క అక్షరం మీద సినిమాను నిలిపేశాడంటే, అరసున్నల కోసం మన పండితులు చేసిన యుద్ధాలు తెలిసినవాళ్లకు అక్షరం మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న ఎంత లోతైనదో అర్థమవుతుంది.

బిరాగో డియోప్ పశువైద్యుడు. పల్లెలు తిరుగుతూ గ్రియో అనే వంశపారంపర్య కథకుల దగ్గర విన్న కథల్ని 1947లో అమదు కుంబా కథలుగా అచ్చేశాడు. గ్రియో అంటే మన వైపు జంగందేవర, హరిదాసు గుర్తొస్తారు. అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు ఆ నోటి విద్యకు సింహాసనం వేసినవాడు. మరియామా బా 1979లో రాసిన ‘ఇంత పొడుగు ఉత్తరం’ భర్త రెండో పెళ్లిని తట్టుకున్న స్త్రీ తన స్నేహితురాలికి రాసుకున్న లేఖ. ప్రపంచమంతా చదివిన ఆ పుస్తకం రచయిత్రి సొంత ఊరి భాష వొలోఫ్‌లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

అదే 1979లో అమినాతా సో ఫాల్ నవల వచ్చింది. నగరం శుభ్రంగా కనిపించాలని బిచ్చగాళ్లను తరిమేస్తే వాళ్లు సమ్మె కడతారు. దానం పుచ్చుకునేవాడు లేక పుణ్యం ఆగిపోయి పెద్దమనుషులే అల్లాడతారు. అది చదువుతుంటే విజయనగరం కథకుడు చాసో రాసిన ‘ఎంపు’ కథ కళ్లముందుకొచ్చింది. అందులో ముష్టి ముసలివాడు కూతురికి కుంటివాడికన్నా గుడ్డివాడే మేలైన మొగుడని లెక్కగట్టి చెబుతాడు. గుడ్డివాడికి బిచ్చం ఎక్కువ పడుతుంది మరి. ఎక్కడా జాలి కురిపించకుండా ముష్టివాళ్ల బతుకు లెక్కను వాళ్ల నోటితోనే చెప్పించాడు చాసో. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి కాలేజీ పిల్లలకు చెప్పాలని నాకెంతో ఆశ.

బూబకర్ బోరిస్ డియోప్ ఫ్రెంచిలో పేరు తెచ్చుకున్న నవలాకారుడు. రువాండా మారణకాండ మీద నవల రాశాక, 2003లో వొలోఫ్‌కు మళ్లి ‘దూమి గోలో’ రాశాడు. గురజాడ అడుగు పడిన నూరేళ్లకు ఆయన అక్కడికి చేరాడు. మనం ముందున్నామని చెప్పుకోవడానికి కాదు ఈ మాట. ఆయన ముందున్న కొండ మనదానికన్నా ఎత్తు.

మన వైపు నోటి మాటను కథలో నిలబెట్టిన కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు శ్రీకాకుళం జిల్లా మురపాకవాడు. విశాఖలో బడిపిల్లలకు లెక్కలు చెప్పాడు, 1964లో ‘యజ్ఞం’ కథ రాశాడు. పురస్కారాల డబ్బుతో 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టి, తెలుగులో అచ్చయిన కథలన్నిటినీ ఒకచోట చేర్చే పనికి పూనుకున్నాడు. 2021 జూన్ 2న సెనెగల్లో పెరిగిన డేవిడ్ డియోప్ నవలకు ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి ప్రకటించారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన సెనెగల్ సైనికుడు అల్ఫా ఎన్‌డియాయ్ కథ అది. రెండు రోజుల తర్వాత, జూన్ 4న, కారా మాస్టారు వెళ్లిపోయారు. అల్ఫాకు ఫ్రెంచి రాదు, అతని మనసులోని వొలోఫ్‌ను రచయిత ఫ్రెంచిలోకి మార్చి మనకు వినిపించాలి. ‘యజ్ఞం’లో అప్పు తీర్చాల్సిన అప్పల్రాముడు సుందరపాలెం పంచాయితీ ముందు నిలబడి తన మాటతో తానే మాట్లాడతాడు.