స్లాబ్ పడేలోపు

స్టోర్ రూమ్ తలుపు తీస్తూనే బీప్, బీప్ అని చప్పుడు. ప్లాటర్ పేపర్ రోల్స్, పాత టెండర్ల కట్టలు దాటుకుని లోపలికి వెళ్తున్నారు మీరు. మూలన ఐదు డిస్కుల స్టోరేజ్ బాక్సు. నాలుగు దీపాలు పచ్చగా ఉన్నాయి. ఒకటి నారింజ రంగుకి తిరిగింది.

మీ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఇన్నేళ్లూ చేసిన పనంతా ఆ బాక్సులోనే ఉంది. కోకాపేట టవర్ల డ్రాయింగులు, విజయవాడ అపార్ట్‌మెంట్ల ఆర్‌ఏ బిల్లులు, కాంక్రీట్ క్యూబ్ టెస్ట్ రిపోర్టులు, డ్రోన్ వీడియోలు, క్లయింట్లతో నడిచిన ఉత్తరాలు. మొత్తం 12 టెరాబైట్లు. దీన్నంతా క్లౌడ్‌కి మార్చే పని ఎండీ గారు నిన్ననే మీకు అప్పగించారు. తీరిగ్గా కూర్చుని ప్లాన్ వేసుకుందామనుకున్నారు.

"ఒక్క డిస్కే కదా మేడమ్, రెయిడ్ 5లో ఏం కాదు," అంటున్నాడు ఐటీ అబ్బాయి.

నిజమే. ఒకటి పోతే మిగతా నాలుగూ కలిసి ఆ లోటు పూడ్చుకుంటాయి. రెండోది కూడా పోతే అన్నీ పోయినట్టే. ఐదూ ఒకే రోజు కొన్నవి, అన్నేళ్లూ ఒకేలా అరిగినవి. కొత్త డిస్కు పెడితే బాక్సు మిగతా నాలుగింటినీ గంటల తరబడి ఆపకుండా చదివి దాన్ని నింపాలి. ఆ బరువుకే ఇంకోటి కూలొచ్చు. పెట్టకపోయినా కూలొచ్చు.

ముందు కాపీ తీయాలి. ఏది ముందు? బాక్సులో సగానికి పైగా డ్రోన్ వీడియోలే. ఇప్పుడు నడుస్తున్న సైట్ల డ్రాయింగులు, అగ్రిమెంట్లు, బిల్లులు, ట్యాలీ బ్యాకప్ కలిపినా అర టెరాబైటు లేదు. చిన్నదే విలువైనది. అదే ముందు.

అబ్బాయి కొత్త ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించి, రోబోకాపీ కమాండ్ కొడుతున్నాడు. మీరు వెనక నిలబడి చదువుతున్నారు. చివర్లో ఎంఐఆర్. మిర్రర్. అంటే మొదటి చోట లేనిదాన్ని రెండో చోట కూడా చెరిపేస్తుంది. మొదటి చోటు చూస్తున్నారు. ఇ డ్రైవ్. ఖాళీ డిస్కు. రెండో చోటు సర్వర్, అంటే ఆ బాక్సే.

తలకిందులైంది.

"ఎంటర్ కొట్టకు."

వేలు గాల్లోనే ఆగింది. డ్రైవ్‌లు సరిచేశారు, మిర్రర్ తీసేశారు, ముందు 'ఎల్' అని పెట్టి నడిపించారు. అలా పెడితే ఏమీ కాపీ కాదు, ఏమీ చెరగదు; ఏం చేయబోతోందో జాబితా మాత్రం చూపిస్తుంది. జాబితా అంతా చదివాకే అసలు కాపీ మొదలైంది. అది పూర్తయ్యాకే కొత్త డిస్కు పెట్టారు. బాక్సు నిలబడింది.

*

ఇప్పుడు ప్లాన్. ఇలాంటి ప్లాన్లు చాలావరకు సర్వర్ గదిలో మొదలై అక్కడే ముగుస్తాయి. అది తప్పు. మీరు హెల్మెట్ పెట్టుకుని కోకాపేట సైట్‌కి వెళ్తున్నారు.

పదకొండో అంతస్తు. సెంట్రింగ్ ప్లేట్ల మీద ఎండ కాళ్లకు తగులుతోంది. బార్ బెండింగ్ మేస్త్రి చేతిలో ఫోన్, అందులో వాట్సాప్‌లో వచ్చిన డ్రాయింగ్. మూలన రివిజన్ గడిలో ఆర్3. కింద సైట్ ఆఫీసు గోడకు అంటించిన షీటు మీద ఆర్4. రెండింటి మీదా జీఎఫ్‌సీ ముద్ర ఉంది, అంటే కట్టుకోవడానికి పనికొస్తుందని. దేన్ని చూసి కడుతున్నారు?

"గోడ మీదది చూస్తాం. దిగే ఓపిక లేకపోతే ఫోన్లోది," అంటున్నాడు మేస్త్రి.

మీ వెన్ను జిల్లుమంటోంది. డిస్కు పోతే కాపీ ఉంటుంది. తప్పు డ్రాయింగ్‌తో పోసిన బీముకి కాపీ లేదు. మీరు తరలించాల్సింది 12 టెరాబైట్లని కాదు, ఈయన ఫోన్లోకి ఒక్క సరైన షీటుని. మిగతా ప్లానంతా దానికోసమే.

ఫోన్ చూస్తున్నారు. పైన సిగ్నల్ ఒక గీత. సెల్లార్‌లో అసలు లేదు. అంటే డ్రాయింగ్ ముందే ఫోన్లోకి దిగి ఉండాలి, నెట్ లేకపోయినా తెరుచుకోవాలి. ప్రతి షీటు మూలన క్యూఆర్ కోడ్ ఉండాలి. ప్రింటు మీద దాన్ని స్కాన్ చేస్తే ఇదే తాజాదో కాదో ఫోన్ చెప్పాలి. నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇదే రాసుకుంటున్నారు.

*

ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ పెద్దాయన పక్కన కూర్చున్నారు. ఫైనల్, ఫైనల్ న్యూ, ఫైనల్ ఫైనల్ 2. ఏది అసలుదో కంప్యూటర్‌కి తెలియదు, ఈయనకే తెలుసు. ఒక్కో ఫోల్డర్ తెరిచి అడుగుతున్నారు. అన్నింటికన్నా విసుగు పుట్టించే పని ఇదే, అన్నింటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఎంత డబ్బు పెట్టినా దీన్ని వేరెవరూ చేసిపెట్టలేరు.

2022లో తాళాలు అప్పగించిన అపార్ట్‌మెంట్ల ఫోల్డర్. "పని అయిపోయింది కదమ్మా, తీసెయ్యండి," అంటున్నారు ఆయన. మీ వేలు డిలీట్ మీద ఉంది.

ఆగండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. అంటే 2027 దాకా ఆ స్ట్రక్చరల్ డ్రాయింగులు, క్యూబ్ రిపోర్టులు ఉండాల్సిందే. వేలు తీసేస్తున్నారు. లెక్కల పుస్తకాలు ఇంకా ఎక్కువ కాలం: కంపెనీల చట్టం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచమంటుంది. పోయేవి డూప్లికేట్లు, ఆటోక్యాడ్ వదిలేసిన బ్యాకప్ ఫైళ్లు, ఒకే సూర్యాస్తమయాన్ని మళ్లీ మళ్లీ తీసిన డ్రోన్ క్లిప్పులు. జల్లెడ పట్టేసరికి 5 టెరాబైట్లు మిగిలాయి.

దీన్ని పంపడానికి ఎంతసేపు? ఆఫీసు లైన్ 100 ఎంబీపీఎస్. ఒక్క టెరాబైటుకి, అడ్డేమీ లేకపోతే, 22 గంటలు. పగలు అందరూ వాడతారు కాబట్టి రాత్రి పది గంటలే మీవి. ఐదింటికి పదకొండు రాత్రులు. తెగిపోయే లైన్లు, మళ్లీ మొదలెట్టే ఫైళ్లు కలిపి మూడు వారాలు రాసుకుంటున్నారు. జల్లెడ పట్టకపోయి ఉంటే 27 రాత్రులు, అదీ అంతా సవ్యంగా సాగితే.

"మన లెక్కలు ఏ దేశంలో పెడుతున్నారు?" ఎండీ గారి ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే. లెక్కల పుస్తకాల బ్యాకప్ ప్రతిరోజూ ఇండియాలోని సర్వర్ మీద ఉండాలని నిబంధన ఉంది. నడుస్తున్న ప్రాజెక్టులు షేర్‌పాయింట్‌కి, పాతవి అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తెరిచిన రీజియన్‌కి వెళ్తాయని చెబుతున్నారు. ఎండీ గారు ఇంకా తటపటాయిస్తుంటే విజయవాడ మేనేజర్ గారు అందుకున్నారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు బ్రాంచి ఆఫీసులో ఏం మిగిలిందో గుర్తుచేశారు. అక్కడి కంప్యూటర్లకు వేరే కాపీ లేదు. ఎండీ గారు సంతకం పెట్టారు.

ముందు ఒక చిన్న ప్రాజెక్టుని పంపి చూస్తున్నారు. పెద్దాయన క్లౌడ్ నుంచి టైపికల్ ఫ్లోర్ తెరిచారు. గ్రిడ్ గీతలున్నాయి. కాలమ్‌లు లేవు. లిఫ్ట్ గోడలు లేవు. వాటి స్థానంలో 'జడ్ డ్రైవ్' అని మొదలయ్యే పొడవాటి అడ్రసు ఒకటి వేలాడుతోంది.

ఫైలు పాడైందా? లేదు. ఒక డ్రాయింగ్ ఇంకో నాలుగింటిని పిలిచి తనలో చూపిస్తుంది, ఎక్స్‌రెఫ్‌లు అంటారు వాటిని. పాత సర్వర్ అడ్రసుతోనే పిలుస్తోంది. ఆ అడ్రసు ఇక్కడ లేదు. ఆటోక్యాడ్‌తో వచ్చే రిఫరెన్స్ మేనేజర్‌లో వాటన్నింటినీ ఒకేసారి మారుస్తున్నారు. కాలమ్‌లు తిరిగొచ్చాయి. ఇది సైట్ మీద తెలిసి ఉంటే?

ఇంకో గొయ్యి. ఐటీ అబ్బాయి కొన్ని ఫోల్డర్లను బ్రౌజర్‌లోకి లాగి వదిలాడు. 2019 నాటి ఉత్తరాలన్నింటికీ ఈరోజు తేదీ పడింది. క్లయింటు డ్రాయింగులు ఆలస్యంగా ఇచ్చాడని నడుస్తున్న కేసులో ఆ తేదీలే మీ సాక్ష్యం. వెంటనే ఆపించి, పాత తేదీలను అలాగే తీసుకెళ్లే మైగ్రేషన్ టూల్‌తో మళ్లీ పంపుతున్నారు.

*

శనివారం రాత్రి 8. ఇదే మార్పిడి రాత్రి. రెండు సైట్ల స్లాబ్ షెడ్యూళ్లు పక్కపక్కన పెట్టి, ఎక్కడా కాంక్రీట్ పోయని ఆదివారాన్ని వెతికి పట్టుకున్నారు మీరు. పాత సర్వర్‌ని చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా కట్టేశారు. ఈ వారం మారిన ఫైళ్లు మాత్రమే ఇప్పుడు పైకి వెళ్తున్నాయి.

9 గంటలకి ఫోన్. కోకాపేట ప్రాజెక్ట్ మేనేజర్ గారు. "సోమవారం వాన అంటున్నారమ్మా. స్లాబ్ రేపు పొద్దున ఐదింటికే వేసేస్తున్నాం."

ఏం చేస్తారు? మార్పిడి ఆపి సర్వర్ తెరిస్తే సగం ఫైళ్లు అక్కడ, సగం ఇక్కడ. స్లాబ్ ఆపమంటే వాన. ఆ స్లాబ్ షీట్లు క్లౌడ్‌లో ఉన్నాయా? చూస్తున్నారు. ఉన్నాయి, ఆర్4. కొనసాగించడానికే నిర్ణయించారు.

10:40. పెద్దాయన మీ బల్ల దగ్గరికొచ్చారు. మొహం వాడిపోయింది.

"స్ట్రక్చరల్ కన్సల్టెంట్ సాయంత్రం మెయిల్లో ఆర్5 పంపాడమ్మా. ఇప్పుడే చూశా. సర్వర్‌లో సేవ్ కావట్లేదు. గ్రూపులో పెట్టేస్తా."

వాట్సాప్ గ్రూపు. మళ్లీ రెండు డ్రాయింగులు. ఈసారి మూడు.

"వద్దు. నాకివ్వండి."

ఈ రాత్రి క్లౌడ్‌లోకి ఫైలు ఎక్కించే అధికారం ఒక్కరికే. అది ప్లాన్‌లోనే రాశారు. ఆర్5 ఎక్కింది. ఆర్4 రద్దైనవాటి ఫోల్డర్‌లోకి వెళ్లింది. సైట్ ఇంజనీర్‌కి ఫోన్.

"పైకి ఎక్కి తెరువు."

రింగుల మధ్య గాలి హోరు. టార్చి వెలుగులో మెట్లు ఎక్కుతున్నాడు. సిగ్నల్ ఒక గీత. ఫైలు దిగుతోంది. ఆగింది. మళ్లీ దిగుతోంది.

"తెరుచుకుంది మేడమ్."

"రివిజన్?"

"ఆర్5."

"బి12 బీము. సపోర్టు దగ్గర ఎక్స్‌ట్రా టాప్ బార్లు?"

"25 ఎంఎం. మూడు."

"కట్టినవి?"

అడుగుల చప్పుడు. స్టీలు మీద చెప్పుల మోత.

"రెండు."

గోడ గడియారం 11:50. స్లాబ్ ఐదింటికి.

"పోయొద్దు. పీఎం గారిని లేపు. మేస్త్రిని లేపు. రెడీమిక్స్ ప్లాంటుకి ఫోన్ చెయ్యి. మనం చెప్పేదాకా ఒక్క లారీ కూడా నింపొద్దని." నింపాక సాధారణంగా రెండు గంటల్లోపు పోసెయ్యాలి. వెనక్కి వెళ్లే కాంక్రీట్ ఉండదు.

ఇటు మీ ముందు ఇంకో స్క్రీన్. 1:30. ప్రతి ఫైలుకీ ఇక్కడో హ్యాష్, అక్కడో హ్యాష్ తీసి పోలుస్తున్నారు. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ అంకెల వరస మారిపోతుంది. ఎర్ర గీతలు వస్తున్నాయి. పది. యాభై. వందలు.

వెనక్కి తిరగాలా? మూడింటిలోపు తేల్చాలి. ఆ తర్వాత తిరిగినా సోమవారానికి పాత సర్వర్ సిద్ధం కాదు.

కంగారు పడకండి. ఎర్రవాటిని రకాలుగా విడదీయండి. డ్రాయింగుల్లో ఒక్కటీ లేదు. పీడీఎఫ్‌లలో లేదు. అన్నీ ఎక్సెల్, వర్డ్ ఫైళ్లే. ఊపిరి తిరుగుతోంది. షేర్‌పాయింట్ ఆఫీస్ ఫైళ్లలోకి తన సొంత వివరాలు కొన్ని రాసుకుంటుంది. లోపలి అంకెలు మారవు, హ్యాష్ మారుతుంది. ఇరవై ఫైళ్లు తెరిచి, గడి గడి పోల్చారు. సరిగ్గానే ఉన్నాయి.

కానీ కేసులో ఉన్న ఫైళ్లు? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ కూడా రాయాలి. వాటి అసలు ప్రతులను షేర్‌పాయింట్ తాకకుండా, విడిగా, మార్చడానికి వీల్లేని స్టోరేజ్‌లోకి ఎక్కిస్తున్నారు. హ్యాష్‌ల జాబితా ప్రింటు తీసి తేదీ వేసి సంతకం పెడుతున్నారు.

2:50. ముందుకే.

4:35కి సైట్ నుంచి ఫొటోలు. ప్రతి సపోర్టు దగ్గరా మూడో బారు. పీఎం గారు ఒక్కో బీమూ ఫోన్లోని ఆర్5తో సరిచూసి చెక్‌లిస్ట్ మీద సంతకం పెట్టారు. ప్లాంటుకి ఫోన్ వెళ్లింది. మొదటి లారీ అనుకున్న టైముకన్నా గంట ఆలస్యంగా గేటు దాటింది.

*

సోమవారం పొద్దున్నుంచీ ఫోన్లే. సబ్‌కాంట్రాక్టర్‌కి లాగిన్ రావడం లేదు. అకౌంటెంట్ గారికి బిల్లుల ఫోల్డర్ కనబడటం లేదు. ఎప్పుడో మానేసిన ఇంజనీర్ పేరు ఇంకా అనుమతుల జాబితాలో ఉంది. అది ముందు తీసేస్తున్నారు.

మధ్యాహ్నం ఎండీ గారు అడుగుతున్నారు, పాత సర్వర్ ఎప్పుడు అమ్మేద్దామని. ఇప్పుడే కాదంటున్నారు మీరు. ఎక్కించగలిగామని తేలింది, దించగలమని ఇంకా తేలలేదు.

"ఏదో ఒకటి మీరే చెప్పండి," అని పెద్దాయన్ని అడుగుతున్నారు. ఆయన ఆలోచించి, 2016లో గీసిన ఒక రిటైనింగ్ వాల్ డ్రాయింగ్ పేరు చెప్పారు. అది ఉన్నది గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో. నెలకు అద్దె చాలా తక్కువ, అడిగితే వచ్చేసరికి 12 గంటల దాకా పట్టొచ్చు. రిక్వెస్ట్ పంపారు. పాత సర్వర్‌తో ఏ సంబంధమూ లేని కొత్త ల్యాప్‌టాప్ ఆయన బల్ల మీద పెట్టారు. రేపు పొద్దున దాన్ని తెరిచి, ఎక్స్‌రెఫ్‌లన్నీ వచ్చాయో లేదో చూసి, సెక్షన్ కొలతలు చదివి సంతకం పెట్టాల్సింది ఆయనే.