గడియారపు తాళము – ఆపద్ద్వారము



తాళము పరులను దూరముగా నుంచుటకై పుట్టినది. కాని సొమ్ము కాపాడువాడే తన చేతికి సైతము తెరువరాని తాళమును కోరి బిగించుకొనిన కాల మొకటి వచ్చినది. ఆ తాళమునకు గడియారపు తాళమని పేరు. దాని నెవరు కల్పించిరి, అందలి అపాయమేమి, ఆ యపాయమున కేమి మార్గము విడిచిరి అను విషయమును నేడు మనవి చేసెదను.

19వ శతాబ్దమున అమెరికాలోని బ్యాంకుల ఇనుప గదులకు అంకెల తాళములు వచ్చెను. వానికి చెవి లేదు; ఏర్పరచిన అంకెలను వరుసగా త్రిప్పినచో తలుపు తెరచుకొనును. చెవిని దొంగిలింపవచ్చును గాని తలలోని అంకెలను దొంగిలించుట యెట్లు? దొంగలు తాళమును విడిచి మనుష్యుని పట్టుకొనిరి. 1876 జనవరిలో మసాచుసెట్సు రాష్ట్రమందలి నార్తాంప్టను పట్టణమున ముసుగు దొంగలు బ్యాంకు క్యాషియరగు జాన్ విట్టెల్సీ ఇంట రాత్రివేళ జొరబడి, ఇంటివారిని బంధించి, ఆయనను హింసించి అంకెలు చెప్పించిరి. పది లక్షల డాలర్లకు మించిన విలువగల రొక్కమును, పత్రములును పోయెను. రహస్యము తెలిసియుండుటయే ఆయనకు గండమయ్యెను.

ఈ రోగమునకు మందు అంతకు ముందే సిద్ధమై యుండెను. 1831లోనే స్కాట్లండునందలి జెడ్‌బరో పట్టణవాసి రూథర్‌ఫర్డు గడియారముతో గూడిన తాళమునకు పేటెంటు పొందెను. దానిని బ్యాంకుల వాడుకకు తగినట్లు రూపొందించినవాడు న్యూయార్కు రాష్ట్రమున రోచెస్టరు నగరమందలి జేమ్స్ సార్జెంటు. ఆయన 1873లో సిద్ధము చేసిన తాళమును మరుసటి యేట ఇల్లినాయి రాష్ట్రమున మారిసన్ అను ఊరి బ్యాంకు తలుపునకు బిగించిరి.

దాని పద్ధతి సులభము. గడియారము తలుపు లోపలి వైపున నుండును. తలుపు మూయక ముందే, ఎంతకాలము మూసియుండవలెనో అన్ని గంటలకు కీ ఇత్తురు. శనివారము సాయంకాలము 5 గంటలకు మూసి, సోమవారము ఉదయము 8 గంటలకు తెరువవలెనన్న 39 గంటలు. ఆ గడువు తీరక పూర్వము అంకెలను సరిగా త్రిప్పినను గడియ కదలదు. క్యాషియరు గొంతుపై కత్తి నుంచినను ఫలము లేదు. తన అధికారమును కొన్ని గంటలు తానే వదలుకొనుట వలన అతని ప్రాణమునకు రక్షణ కలిగెను.

అయితే గడియారమునకు దొంగయు, దొరయు నొక్కటే. అది నడుమ ఆగిపోయినచో యజమానియు బయటనే నిలువవలెను. అందుచేత ఒకే తాళమున రెండు, పిమ్మట మూడు గడియారములు అమర్చిరి. వానిలో ఏ యొక్కటి గడువు ముగించినను తాళము విడును. పొరపాటున ఎక్కువ గంటలకు కీ ఇచ్చినచో మాత్రము వేచియుండుటయో, పనివానిచే తలుపు తొలిపించుటయో తప్ప గత్యంతరము లేదు.

అంతకంటె ఘోరమైనది, లోపల మనుష్యుడుండగా తలుపు పడుట. 1903లో ఓ హెన్రీ అను కథకుడు వ్రాసిన కథలో ఒక బాలిక ఇట్లే బ్యాంకు గదిలో చిక్కుకొనును; ఆమెను వెలికి దీసినవాడు దొంగతనము మానిన యొక పాత దొంగ! జొన్నల పాతర మూత తీసిన వెంటనే దిగరాదని మన రైతు లెరుగుదురు. గాలి యాడని చోట మనుష్యుని యాయువు స్వల్పము. కావున ఇనుప గదుల గోడలకు చిన్న గాలిద్వారము నేర్పరచిరి. చిక్కినవాడు లోపలినుండి దాని బిరడాను విప్పగలడు. దానివలన తలుపు తెరచుకొనదు, దొంగకు దారి దొరకదు. గాలియు మాటయు మాత్రము సాగును. సొమ్మునకు కట్టుదిట్టము, ప్రాణమునకు విడుదల!

ఈ సూక్ష్మమును మన పెద్ద లెరుగనివారు కారు. వ్రతము పట్టినవాడు కోరి కట్టుబడినవాడే. అయినను మహాభారతమున విదురుడు, వ్రతమును చెరుపనివి ఎనిమిది కలవని చెప్పుచు నీటిని, ఔషధమును, గురువాక్యమును అందు చేర్చెను. నియమము మనుష్యునికొరకే గాని, మనుష్యుడు నియమమునకు బలి కారాదు.

తరువాతి కాలపు చట్టములును ఈ మార్గమునే నడచినవి. పారవేసిన శీతల పెట్టెలలో ఆటకై దూరిన పిల్లలు తలుపు తెరువలేక మరణించుచుండగా, వాని తలుపులు లోపలినుండి సులభముగా తెరచుకొనవలెనని అమెరికాలో 1956లో శాసనము చేసిరి.

ఈనాడు సెల్‌ఫోనునో, మిఠాయినో తమకు తామే అందకుండ కొన్ని గంటలు బంధించు గడియారపు పెట్టెలు ఇండ్లలోనికిని వచ్చినవి. అందు వస్తువును బంధించుట వేరు; గదిలోనివానిని గాని, దేహమును గాని బంధించుట వేరు. అట్టి తాళమును ఒంటరిగా నుండి వేసికొనరాదు. వేసికొనువాని సమ్మతి యెంత ముఖ్యమో, చాలునన్న క్షణమున విడుదల యగుటయు నంత ముఖ్యము. రెండవ చెవి దగ్గరనున్న నమ్మకస్థుని చేత నుండవలెను. విద్యుత్తు పోయినచో తాళము విడునది కావలెను గాని, బిగియునది కారాదు. తాళము కొనువా డది ఎట్లు మూయబడునో చూచుటకు ముందు, ఆపదలో ఎట్లు తెరువబడునో చూడవలెను.