అన్వయం నుంచి వ్యతిరేకానికి: రొనాల్డ్ రాస్ దోమల ప్రయోగాలలో పోలిక సమూహం

ప్రస్తావన

జీవశాస్త్ర ప్రయోగాలలోని కంట్రోల్ గ్రూపును తెలుగులో నియంత్రణ సమూహం అని వ్యవహరిస్తున్నాం. నియంత్రణ అనగానే అదుపు స్ఫురిస్తుంది. ఆంగ్ల పదానికి మూలంలో ఉన్న అర్థం వేరు. అసలు చిట్టాను సరిచూడడానికి దానికి ప్రతిగా రాసి ఉంచుకొనే రెండో చిట్టా అని దాని భావం. ప్రయోగంలో ఈ సమూహం నిర్వహించే పాత్ర కూడా సరిచూడటమే. సికింద్రాబాదులో మొదలై కలకత్తాలో నిర్ధారణకు వచ్చిన రొనాల్డ్ రాస్ మలేరియా పరిశోధనను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సికింద్రాబాదు: అన్వయం

1897 ఆగస్టులో రాస్ సికింద్రాబాదులో సైనిక వైద్యుడు. లార్వాల నుంచి పెంచిన, రెక్కలపై మచ్చలున్న దోమలచేత హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. అందుకు ఆ రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న అటువంటి ఒక దోమను కోసి చూడగా, దాని జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. మరునాడు కోసిన దోమలో అవే కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. ఈ రెండు దోమల వృత్తాంతమే అదే సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రాస్ అంతకుముందు ఎన్నో దోమలను కోసినా ఇటువంటి కణాలు కనిపించలేదు. అయితే అవి వేరే జాతి దోమలు. కనుక ఈ కణాలు రోగి రక్తం వల్ల వచ్చినవా, లేక ఆ జాతి దోమలో సహజంగానే ఉండేవా అన్న ప్రశ్నకు ఆ రెండు దోమలు సమాధానం చెప్పలేవు. అదే జాతి దోమలకు ఆరోగ్యవంతుల రక్తం పట్టించి పోల్చి చూడాలి. అందుకు తగినన్ని దోమలు చేతికి రాకముందే, సెప్టెంబరులో ఆయనకు రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ అయింది.

తర్కసంగ్రహం చదివినవారికి మహానసం, మహాహ్రదం ఉదాహరణలు పరిచితమైనవే. పొగ ఉన్న వంటింట్లో నిప్పు ఉండటం అన్వయం. నిప్పు లేని మడుగులో పొగ లేకపోవడం వ్యతిరేకం. ఆ పరిభాషలో చెప్పాలంటే సికింద్రాబాదులో రాస్‌కు దొరికింది అన్వయం మాత్రమే.

కలకత్తా: వ్యతిరేకం

1898 ఫిబ్రవరిలో రాస్ కలకత్తా చేరుకున్నాడు. అప్పటికి ప్లేగు టీకాల పట్ల జనంలో భయం వ్యాపించి ఉంది. రక్తపరీక్షకు వేలు చూపడానికి కూడా రోగులు వెనుకాడారు. అందువల్ల ఆయన పక్షుల మలేరియా వైపు మళ్లాడు. ఇక్కడ ఆయనకు తోడ్పడిన సహాయకుడు మహమ్మద్ బక్ష్.

ప్రోటియోసోమా అనే పరాన్నజీవి అధికంగా ఉన్న పిచ్చుక ఒకటి, మధ్యస్థంగా ఉన్నది ఒకటి, అసలు లేనిది ఒకటి ఎంచుకొని, ఒకే రకం దోమలను వాటిపై వదిలాడు. ఒక్కొక్క గుంపు నుంచి 10 దోమలను కోసి కణాలను లెక్కించాడు. మొదటి గుంపులో 1009, రెండవ గుంపులో 292 కణాలు కనిపించాయి. మూడవ గుంపులో ఒక్కటీ లేదు. మరింత విస్తృతంగా చేసిన లెక్కలో, ప్రోటియోసోమా ఉన్న పక్షుల రక్తం తాగిన 245 దోమలలో 178 దోమల్లో ఈ కణాలు ఉన్నాయి. ఇతర రకాల రక్తం తాగిన 249 దోమలలో ఒక్కదానిలోనూ లేవు.

దోమ జాతి మారలేదు; మారింది రక్తం ఒక్కటే. సికింద్రాబాదులో మిగిలిపోయిన సందేహాన్ని తీర్చింది ఆ మూడవ గుంపులోని సున్న. తర్కశాస్త్రంలోని మడుగు లోకంలో సహజంగా ఉన్నదే. ప్రయోగకర్త మాత్రం మిగిలిన పరిస్థితులన్నీ సమానంగా ఉంచి, తన మడుగును తానే ఏర్పరచుకోవాలి. పోలిక సమూహపు విశిష్టత ఇక్కడే ఉంది.

ఆ తరువాత దోమ లాలాజల గ్రంథులలో పరాన్నజీవిని గుర్తించి, ఆరోగ్యంగా ఉన్న 28 పిచ్చుకలను దోమలచేత కుట్టించగా 22 పిచ్చుకలకు వ్యాధి సోకింది. ఈ నిర్ధారణ పక్షుల వరకే. మనుషుల విషయంలో దానిని పూర్తిచేసినవారు ఇటలీ శాస్త్రజ్ఞులు గ్రాసీ, బిన్యామీ, బాస్టియనెల్లి. 1900లో సాంబన్, లో అనే వైద్యులు రోము సమీపంలోని మలేరియా ప్రాంతంలో, దోమతెరలు బిగించిన గుడిసెలో జ్వరం లేకుండా ఒక ఋతువు గడపడం దీనికి మరో వ్యతిరేకదృష్టాంతం.

ముగింపు

ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నాం. బేగంపేటలోని భవనం రాస్ పేరుతో నిలిచి ఉంది. ఆ గౌరవం సముచితమే. అయితే రుజువంతా ఆ ఒక్క రోజునే జరిగినట్లు రాయడం వల్ల కనుగొనడానికీ నిరూపించడానికీ ఉన్న భేదం చెరిగిపోతుంది. విజ్ఞానశాస్త్ర చరిత్రను తెలుగులో రాసేవారు ఏమీ కనిపించని ఆ పది దోమలకు కూడా చోటు కల్పించాలి. నియంత్రణ సమూహం అన్న మాటకు బదులు పోలిక సమూహం అని వాడితే, ఆ దోమలు ప్రయోగంలో ఎందుకున్నాయో విద్యార్థికి పేరులోనే తెలుస్తుంది.