వీథిబడి నుండి మిడిల్ స్కూలు వరకు

జూన్ మాసము రెండవ వారము వచ్చినదనగా తెలుగునాట ప్రతి ఇంటను ఒక సందడి బయలుదేరును. క్రొత్త పుస్తకములకు అట్టలు వేయుట, సంచి కుట్లు సరిచూచుట, ఎవరి తరగతికి ఏ ఉపాధ్యాయుడు వచ్చునో ఊహించుట, ఇవి పిల్లల పనులు. ఫీజులు లెక్కించుట పెద్దల పని. మా మనుమడు ఈ ఏడు ఆరవ తరగతిలో చేరినాడు. వాని పుస్తకములను చాపపై పరచి చూచితిని. తెలుగు, ఇంగ్లీషు, హిందీ, గణితము, సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రము. గణితములో భిన్నములు, దశాంశములు. సాంఘికములో భూగోళము, పటములు. పదకొండేండ్ల పిల్లవాని ఒడిలో ఇంత ప్రపంచము పెట్టుచున్నాము గదా, రెండువందల ఏండ్ల క్రిందట ఇదే వయసు బాలునికి మన ఊళ్ళలో ఏమి నేర్పుచుండిరి అను ప్రశ్న నాకు సహజముగనే కలిగినది. దానికి జవాబు వెదకుట అంత కష్టము కాదు. ఆ ప్రశ్ననే ఒక గవర్నరు మరియొక జూన్ మాసమున అడిగియున్నాడు.

1822వ సంవత్సరము జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, రాజధానిలోని కలెక్టర్లందరును తమ జిల్లాలలో ఎన్ని బడులున్నవో, వానిలో ఎందరు చదువుచున్నారో, ఏమి చదువుచున్నారో లెక్కలు పంపవలెనని కోరెను. జవాబులు తీరికగా వచ్చినవి. వానిలో మన తెలుగువారికి మిక్కిలి ముఖ్యమైనది బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టు 17న వ్రాసిన నివేదిక. ఇతడు తెలుగు నేర్చినవాడు, తెలుగు వ్యాకరణము వ్రాసినవాడు. నాటి బళ్ళారి జిల్లా నేటి అనంతపురము సీమను, ఆదోని ప్రాంతమును కలుపుకొని యుండెడిది. కనుక ఆ లెక్కలలో మన రాయలసీమ పల్లెలు పెక్కు కలవు.

జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641 మంది. అనగా వేయిమందికి సుమారు ఏడుగురు. కన్నడము నేర్పు బడులు 235, తెలుగు నేర్పునవి 226, మరాఠీవి 23, పారసీవి 21, తమిళమువి 4, ఇంగ్లీషు నేర్పునది ఒక్కటే ఒక్కటి. ఇవిగాక బ్రాహ్మణులు మాత్రమే సంస్కృతమున శాస్త్రములు చదువుకొను తావులు 23. మొత్తము విద్యార్థులలో బాలికలు అరువది మంది. ఆరువేల ఆరువందల పైచిలుకులో అరువది! ఈ సంఖ్య యొద్ద పాఠకుడు ఒక్క క్షణము ఆగవలెను. మన ముత్తవ్వల ముత్తవ్వలు ఎందరు ఓనమాలు ఎరుగక జీవితము గడపిరో ఈ ఒక్క అంకె చెప్పుచున్నది.

కాంబెల్ అంకెలతో ఆగలేదు. బడిలోనికి పోయి చూచినట్లు వ్రాసినాడు. అయిదవ యేట పిల్లవానికి అక్షరాభ్యాసము. పంతులును, బడిపిల్లలును ఇంటికి వచ్చి వినాయకుని ప్రతిమ చుట్టును కూర్చుందురు. పిల్లవాని వ్రేలు పట్టి బియ్యములో దేవుని నామము వ్రాయింతురు. ఈ వేడుక నేటికిని మన ఇండ్లలో మారలేదు. మరునాటి నుండియే అసలు కథ. బడి ఉదయము ఆరు గంటలకే మొదలు. అందరికంటె ముందు వచ్చిన వాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పైన వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున హెచ్చు. బద్ధకస్థులను చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుటయు, గుంజిళ్ళు తీయించుటయు కలదు. "ఆ కాలపు పంతుళ్ళు ప్రేమమూర్తులు" అని నిట్టూర్చు పెద్దలు ఈ భాగమును ఒకమారు చదువుట మంచిది.

వ్రాత మొదట ఇసుకలో వ్రేలితో. చేయి కుదిరిన పిమ్మట తాటాకుపై గంటముతోనో, కాగితముపై కలముతోనో వ్రాయు యోగ్యత కలుగును. కడితములు కూడ ఉండెను. గుడ్డకు నల్లని పూతపూసి మడతలు పెట్టి, బలపముతో వ్రాసి తుడుచుకొనుటకు వీలుగా చేసినవి ఇవి, నాటి పలకలన్నమాట. ఓనమాలు, గుణింతములు, ఎక్కములు, తరువాత జాబులు చదువుట, పత్రములు వ్రాయుట, లెక్కలు. చదువుటకు రామాయణ, భారత, భాగవతములు. చేతిపనుల వారి పిల్లలకు విశ్వకర్మ పురాణము వంటివి, లింగధారుల పిల్లలకు బసవపురాణము వంటివి అదనము. ఒక్క పంతులు ఇందరిని ఎట్లు చూడగలిగెను? పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుచుండిరి. చెప్పుటచేత తమ పాఠమును గట్టిపరచుకొనుచుండిరి. ఈ పద్ధతిని కాంబెల్ మనసార మెచ్చుకొన్నాడు. ఇంగ్లండు దీనిని అనుకరించుట న్యాయమే అన్నాడు. ఆ మాట నిజము. మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమమున పనిచేసిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1797లో ఈ విధానమును గూర్చి లండనులో పుస్తకము ప్రకటింపగా, అది "మద్రాసు పద్ధతి" అను పేరుతోనే అక్కడ వ్యాపించినది. మన వీథి అరుగు సీమకు నేర్పిన పాఠము ఇది.

ఇక మనుమని వయసు ప్రశ్నకు వత్తము. బాలురు సాధారణముగా బడిలో నుండునది అయిదేండ్లు మొదలు పదియేండ్ల వరకే అని మన్రో తన 1826 నాటి లేఖలో లెక్క కట్టినాడు. అనగా నేడు మనము మిడిల్ స్కూలు అని పిలుచు వయసు వచ్చునప్పటికి నాటి పిల్లవాడు బడి విడిచి మగ్గము గుంటలోనో, కొట్టులోనో, పొలములోనో ఉన్నాడు. మా మనుమడు ఏ తరగతితో మొదలుపెట్టుచున్నాడో, అక్కడికి నాటివాని చదువు ముగిసినది. శాస్త్రములు చదువు కొద్దిమంది మాత్రమే ఆ పైకి పోయిరి.

రాజధాని మొత్తమున 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు అని మన్రో లెక్క తేలినది. 1983లో ధరంపాల్ ఈ పత్రములను ప్రకటించిన పిమ్మట వీనిని గూర్చి రెండు పక్షములు ఏర్పడినవి. ఇంగ్లీషువారు రాకముందు దేశమంతయు విద్యాకాంతితో వెలిగినదని ఒక పక్షము. అంతయు చీకటియే యని రెండవ పక్షము. పత్రములు ఏ పక్షమునకును పూర్తిగా లొంగవు. ఇంత బడుల వల ప్రభుత్వపు చేయూత లేకయే నిలిచియుండుట అబ్బురమే. కాని తెలుగు జిల్లాల లెక్కలలో బ్రాహ్మణ, వైశ్య బాలుర పాలు తమిళ జిల్లాలలో కంటె హెచ్చు. ఊరి వెలుపల నుంచబడినవారి పిల్లలకు ఆ అరుగు ఎక్కు దారి లేదు. బాలికల సంగతి పైన చెప్పితిని. కాంబెల్ మరియొకటి కూడ దాచక వ్రాసినాడు. సీమనూలు బట్టలు వచ్చి నేతగాండ్రు చితికిపోయిరి, దేశము బీదపడినది, అందుచే పూర్వము బడులున్న అనేక గ్రామములలో ఇప్పుడు లేవు అని. ఈ 533లో ఒక్కదానికైనను సర్కారు సహాయము లేదని చెప్పుటకు సిగ్గుపడుచున్నానని. ఒక కలెక్టరు తన ప్రభుత్వమునకే ఇట్లు వ్రాయుట చిన్న సంగతి కాదు. మన్రో జిల్లాకును, తాలూకాకును బడులు పెట్టు పథకము వేసినాడు గాని, 1827 జూలైలో పత్తికొండ యొద్ద కలరాతో మరణించినాడు. అతనివెంట ఆ ఉత్సాహమును సన్నగిల్లినది.

కాంబెల్ చూపిన లోపములలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరొకటి. పిల్లలు వల్లించు పద్యముల భాష వేరు, ఇంట మాటలాడు భాష వేరు. కనుక బాలుడు వందల పద్యములు అప్పజెప్పును గాని, వాని అర్థము చిలుకకు తెలిసినంతయే వానికి తెలియును అని అతని అభిప్రాయము. ఇది 1823 నాటి మాట. తరువాత 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చినది, పాఠ్యగ్రంథమైనది. సొగసైన వచనమే, సందేహము లేదు. కాని అదియును ఇంటి భాష కాదు. సుమారు ఎనుబదేండ్లు గడచిన పిమ్మట, 1906 ప్రాంతమున, పర్లాకిమిడిలో పంతులుగా నుండిన గిడుగు రామమూర్తి గారు అదే ప్రశ్నను చేతబట్టిరి. పిల్లవానికి తెలిసిన తెలుగులో పిల్లవానికి పాఠమేల చెప్పరాదని వారి వాదము. పాఠశాలల ఇన్‌స్పెక్టరు యేట్సు, గురజాడ అప్పారావు గారు ఆ పక్షము. జయంతి రామయ్య పంతులు గారు మొదలైన పండితులు ఎదుటి పక్షము. దశాబ్దముల పాటు వాదము సాగినది. పాఠ్యపుస్తకములు మెల్లమెల్లగా వాడుక భాషకు దిగివచ్చినవి. నేను ఈ ప్రసంగమును గ్రాంథికపు వాసనతో వ్రాయుచున్నానని పాఠకులు నవ్వుకొనవచ్చును. ఒప్పుకొందును, ఇది నేను బడిలో పట్టిన అలవాటు, వదలుట లేదు.

1854 తరువాతి చరిత్రను త్వరగా దాటవచ్చును. ఆ ఏటి వుడ్ తాఖీదుతో విద్యాశాఖలు ఏర్పడినవి. పరీక్షాఫలములను బట్టి బడికి డబ్బు ఇచ్చు పద్ధతి వచ్చినది. ఇన్‌స్పెక్టరు బండి దిగునాటికి పిల్లలు అప్పజెప్పగలిగిన పంతులుకే గ్రాంటు. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున మిడిల్ స్కూలు పరీక్ష అనునది ఒకటి బయలుదేరి, చిన్న ఉద్యోగములకు అదియే గడప అయినది. అప్పుడు గదా "మిడిల్" అను మాట మన ఇండ్లలో ప్రవేశించినది! ఆ పైన ఫస్టుఫారము, సెకండుఫారము, థర్డుఫారము.

నైజాము రాజ్యపు తెలుగు పిల్లల కథ మరియొక తీరు. అక్కడ పై చదువు ఉర్దూలో. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ; చరిత్ర, భూగోళము, లెక్కలు అన్నియు ఆ భాషలోనే. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభలోను, తరువాతి సభలలోను మాతృభాషలో విద్య అను కోరిక మరల మరల వినబడినది. కోస్తాలో వాదము ఏ తెలుగు అని. తెలంగాణమున వాదము అసలు తెలుగు ఉండునా అని. ఈ రెండు బాధలను ఒకే త్రాసులో తూచరాదు.

లెక్కల సంగతి చెప్పక ముగింపజాలను. వీథిబడి పిల్లవాడు పూర్ణాంకముల ఎక్కములతో తృప్తి పడలేదు. కాలు, అర, ముక్కాలు ఎక్కములు వల్లించినాడు. ఎనిమిదవ వంతు పరక, పదునారవ వంతు వీసము అని నోటనే గుణించినాడు. మూడు తులములు పలము, ఎనిమిది పలములు సేరు, అయిదు సేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. రూపాయికి పదునారు అణాలు, అణాకు పన్నెండు పైలు, వెరసి 192 పైలు. హైదరాబాదు పిల్లవానికి ఇది చాలక, ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానమను లెక్క కూడ తలకెక్కించుకొనవలసి వచ్చినది. పదునారవ ఎక్కము రాని పిల్లవానిని అంగడికి పంపుటకు తల్లి జంకెడిది.

1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చినవి. రూపాయికి నూరు. అణాకు ఆరుంబావు, కాని పావు నయాపైస ఎక్కడ నుండి తెత్తురు? ఒక అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది, నాలుగణాలకు ఇరువదియైదు అని పట్టికలు అచ్చువేసి పంచిరి. అణా చొప్పున నాలుగు మార్లు కొన్నవాడు ఇరువదినాలుగు ఇచ్చును, ఒక్కమారు నాలుగణాల సరకు కొన్నవాడు ఇరువదియైదు ఇచ్చును. దీనిపై అంగళ్ళలో జరిగిన తగవులకు లెక్క లేదు. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాములు, మీటర్లు అంచెలంచెలుగా వచ్చి, 1962 నాటికి దేశమంతట నిలుకడ చెందినవి. తరతరములుగా నోటనుండి నోటికి వచ్చిన పరకలు, వీసములు అయిదారేండ్లలో బడి విడిచి వెళ్ళినవి. పంతుళ్ళు తాము నేర్చినదానిని మరచి, నేర్వనిదానిని నేర్పవలసి వచ్చిన కాలము అది. వారిని తలచినవారు తక్కువ.

2009 నాటి చట్టము ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్యను హక్కు చేసినది. మన్రో పదియేండ్ల యొద్ద గీచిన గీత నాలుగేండ్లు ముందునకు జరుగుటకు రెండువందల ఏండ్లకు కొంచెము తక్కువ పట్టినది. మా మనుమని తరగతిలో బాలికలు ఇరువదియొక్కరట, బాలురు పందొమ్మండుగురట. వాడు ఈ సంగతిని ఏమాత్రము విశేషముగా చెప్పలేదు. లెక్కల పుస్తకములో మొదటి అభ్యాసము కష్టముగా నున్నదని మాత్రము చెప్పినాడు. పదునారవ వంతును దశాంశములో వ్రాయుట వానికి తెలియలేదు. వంటింటి నుండి వాని నాయనమ్మ, "వీసమే గదా!" అన్నది. వాడు ఆ మాటకు అర్థమేమని నన్ను అడిగినాడు. ఇద్దరమును పలక కొరకు వెదకితిమి.