తూర్ పర్వతం వద్ద మూసా (అ) మొర

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తలందరిపైనా, అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక!

సోదరులారా! ఫిరౌన్ దర్బారులో మూసా (అలైహిస్సలాం) నిర్భయంగా నిలిచిన తీరు, సముద్రం చీలి దారి ఇచ్చిన వైనం మన పిల్లలకు సైతం తెలుసు. అయితే శత్రువు మునిగిపోయిన తరువాత, తనవారి మూలంగా ఆ ప్రవక్త అనుభవించిన వేదనను మనం అంతగా తలచుకోము. దివ్య ఖుర్ఆన్ మాత్రం ఆ వేదనను బఖరా, అఅరాఫ్, తాహా సూరాలలో మళ్ళీ మళ్ళీ ప్రస్తావించింది.

సముద్రం దాటారో లేదో, ఇస్రాయీల్ సంతతివారు దారిలో విగ్రహాలను కొలిచే ఒక జాతిని చూసి, తమకూ అటువంటి దైవాన్ని ఒకదానిని చేసిపెట్టమని మూసా (అ)ను అడిగారు. తరతరాలుగా ఈజిప్టులో బానిసలుగా బ్రతికినవారికి అక్కడి పోకడలు ఒక్కనాటితో వదిలేవి కావు.

తరువాత అల్లాహ్ తన ప్రవక్తను తూర్ పర్వతం వద్దకు పిలిచాడు. మొదట 30 రాత్రుల గడువు పెట్టి, మరో 10 కలిపి 40 రాత్రులుగా పూర్తి చేశాడు. మూసా (అ) తన సోదరుడు హారూన్ (అ)కు జాతి బాధ్యతను అప్పగించి వెళ్ళారు. తన జాతిని విడిచి ఇంత తొందరగా ఎందుకు వచ్చావని అల్లాహ్ అడిగినప్పుడు, వారు తన వెనుకనే వస్తున్నారనీ, ప్రభువు ప్రసన్నత కోసం తాను త్వరపడి ముందు వచ్చాననీ ఆయన విన్నవించుకున్నారు. ఆ జవాబును చదివినప్పుడల్లా మన గుండె బరువెక్కుతుంది. వారు తన వెనుకనే ఉన్నారని ఆయన నమ్మకంగా చెబుతున్న వేళకు, వారు దారి తప్పిపోయి ఉన్నారు. సామిరీ వారిని పెడదారి పట్టించాడని అల్లాహ్ స్వయంగా ఆయనకు తెలియజేశాడు.

నగలు కరిగించి పోతపోసిన ఆవుదూడ అది. దానినుంచి అరుపువంటి ధ్వని వచ్చేది, అంతే. తాము పలికితే అది బదులు పలకదనీ, తమకు లాభం గానీ నష్టం గానీ చేయలేదనీ వారు గమనించనే లేదు.

ఇమామ్ అహ్మద్ సంకలనంలో ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. విన్నది చూసినదానితో సమానం కాదని దైవప్రవక్త (స) అన్నారు. దూడ సంగతి అల్లాహ్ చెప్పినప్పుడు మూసా (అ) చేతిలోని ఫలకాలు చేతిలోనే ఉన్నాయి. కళ్ళారా చూసినప్పుడు ఆయన వాటిని పడవేశారు. తిరిగివచ్చిన మూసా (అ)ను వర్ణిస్తూ ఖుర్ఆన్ ఆగ్రహాన్నీ దుఃఖాన్నీ ఒకేచోట చెప్పింది. పరాయివారి తప్పు మనకు కోపం మాత్రమే తెప్పిస్తుంది. దానితో దుఃఖం కూడా కలిసిందంటే, తప్పు చేసినవారు తనవారన్నమాట.

ఆయన సోదరుని తలపట్టి లాగారు. తల్లి పేరిట బ్రతిమాలుతూ హారూన్ (అ), జనం తనను బలహీనునిగా ఎంచి చంపబోయినంత పని చేశారనీ, శత్రువులు నవ్వేలా చేయవద్దనీ చెప్పుకున్నారు. అది విన్న మూసా (అ) ప్రభువు వైపు మరలి, తననూ తన సోదరునీ క్షమించి కారుణ్యంలోకి చేర్చుకోమని వేడుకున్నారు. దూడను పూజించినది ఆయన కాదు, హారూన్ (అ) కూడా కాదు. ఒకరు ఆ 40 రాత్రులూ అక్కడ లేనే లేరు. మరొకరు ప్రాణాపాయంలోనూ వారించారు. అయినా పశ్చాత్తాపపు మాట ఆ ఇద్దరి పేరునే మొదలైంది.

దీనిని ఎవరూ మెతకదనంగా భావించరాదు. సామిరీ వెలివేయబడ్డాడు. దూడను కాల్చి దాని పొడిని సముద్రంలో చల్లారు. నేరస్థులపై పడిన తౌబా ఎంత కఠినమైనదో బఖరా సూరా తెలుపుతోంది.

కోపం చల్లారాక మూసా (అ) ఫలకాలను మళ్ళీ చేతికి తీసుకున్నారు. జాతినుంచి 70 మందిని ఎంపిక చేసి, ప్రభువు నిర్ణయించిన సమయానికి తీసుకువెళ్ళారు. దూడ విషయంలో క్షమాపణ కోరేందుకే ఈ ప్రయాణమని పలువురు వ్యాఖ్యాతలు చెప్పారు. అక్కడ వారిని భూకంపం పట్టుకుంది. ఎందుకన్న విషయంలో అభిప్రాయభేదం ఉంది. ఇబ్నె కసీర్ పేర్కొన్న ఒక అభిప్రాయం ప్రకారం, వారు దూడను పూజించినవారు కారు. పూజించేవారిని వారించనూ లేదు, వారికి దూరంగా తొలగనూ లేదు. ఆ మౌనమే వారిపైకి వచ్చింది.

అప్పుడు మూసా (అ) చేసిన మొర అఅరాఫ్ సూరా 155వ ఆయత్‌లో ఉంది. అల్లాహ్ తలచుకుంటే వారిని ఇంతకు ముందే, వారితోపాటు తననూ నాశనం చేయగలిగి ఉండేవాడని ఆయన ఒప్పుకున్నారు. తమలోని మూఢులు చేసిన పనికి తమందరినీ నాశనం చేస్తావా అని ఆక్రోశించారు. ఇదంతా ప్రభువు పెట్టిన పరీక్షేననీ, తమ సంరక్షకుడు ఆయనేననీ చెప్పి, క్షమాపణనూ కరుణనూ కోరారు. ఇక్కడ అరబీలో ఉన్న పదం 'మిన్నా'. అల్లాహ్ ఎదుట నిలిచి పలికిన మాట గనుక తెలుగులో అది 'మాలోని' అవుతుంది. దూడ ముందు సాగిలపడినవారిని ఆయన మూఢులనే అన్నారు. కానీ 'వారు' అని పక్కకు నెట్టలేదు. దీనికి జవాబుగానే, తన కారుణ్యం ప్రతి వస్తువునూ ఆవరించి ఉందని అల్లాహ్ తెలిపాడు.

ఇదే ప్రవక్త మరొక సందర్భంలో, పవిత్ర భూమిలో ప్రవేశించడానికి జాతి మొరాయించినప్పుడు, తనకు తనపైనా తన సోదరునిపైనా తప్ప అధికారం లేదనీ, ఆ అవిధేయులనుంచి తమను వేరుచేయమనీ ప్రార్థించారు. ఆయన సహనానికీ హద్దు ఉండింది. మనమైతే ఆ హద్దుకు ఎంతో ముందే ఆగిపోతున్నాం. మన మొహల్లాలో ఒక యువకుడు తాగుడుకు లోనైతే, ఒక ఇల్లు వడ్డీలో చిక్కుకుంటే, ఆ సంగతి మసీదు మెట్ల మీదే పదిమందికీ చేరుతుంది. మన సజ్దాలలో వారి పేరు వినిపించడం అరుదు.

మూసా (అ) దుఃఖం ఆయన జాతితో ముగియలేదు. మేరాజ్ రాత్రి దైవప్రవక్త (స) ఆరో ఆకాశంలో ఆయనను కలిసి ముందుకు సాగినప్పుడు, మూసా (అ) కంటతడి పెట్టారని బుఖారీ గ్రంథంలో ఉంది. తన తరువాత పంపబడిన ఈ ప్రవక్త ఉమ్మత్‌నుంచి స్వర్గంలో ప్రవేశించేవారు తన ఉమ్మత్‌వారికంటే ఎక్కువమంది ఉంటారన్నదే ఆ కన్నీటికి కారణం. అది అసూయ కాదనీ, తనవారు పోగొట్టుకున్నదానికి కలిగిన బాధ అనీ ధర్మవేత్తలు వివరించారు.

ఆ రాత్రే 50 నమాజులు విధిగా నిర్ణయించబడ్డాయి. తిరిగివస్తున్న దైవప్రవక్త (స)ను ఆపి, తాను ఇస్రాయీల్ సంతతితో పడిన కష్టాన్ని చెప్పి, ఈ ఉమ్మత్ అంత భారం మోయలేదనీ, వెళ్ళి తగ్గించమని అడగండనీ పదే పదే పంపినవారు మూసా (అ). చివరికి 5 మిగిలాయి. పుణ్యం మాత్రం 50 నమాజులది. వాటిలో ఒకటైన జుహర్‌కు బదులుగా, ఈ జుమా నమాజు కోసమే మనం ఇప్పుడు సఫ్‌లలో నిలబడబోతున్నాం.