మోనోసోడియం గ్లుటమేట్

గ్లుటామిక్ ఆమ్లమనే అమైనో ఆమ్లపు సోడియం లవణం ఇది. తెల్లని పలుకుల్లా ఉంటుంది, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. నూడుల్స్ బండి దగ్గర టేస్టింగ్ సాల్ట్ అన్నా, కిరాణా కొట్లో అజినొమొటో అన్నా ఇదే. ఆహార పొట్లాల మీద దీని సంఖ్య 621.

గ్లుటామిక్ ఆమ్లాన్ని 1866లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ హైన్‌రిష్ రిట్‌హౌసెన్ గోధుమ గ్లుటెన్ నుంచి వేరుచేశాడు. దాని రుచి సంగతి తేలడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కికునాయె ఇకెడా జపాన్ వంటల్లో చారుకు ఆధారమైన కొంబు అనే సముద్రపు నాచును పట్టుకున్నాడు. ఆ చారులోని కమ్మదనం తీపి, పులుపు, ఉప్పు, చేదుల్లో దేనికిందికీ రాదని ఆయన నమ్మకం. కొంబు సారాన్ని మరిగించి, శుద్ధిచేసి, 1908లో గ్లుటామిక్ ఆమ్లపు స్ఫటికాలు రాబట్టాడు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. కాల్షియం, పొటాషియం వంటి లవణాలనూ పరీక్షించి చూశాడు. సులువుగా కరిగి, చక్కగా స్ఫటికమయ్యే సోడియం లవణమే వంటింటికి తగినదని తేల్చాడు.

వ్యాపారి సబురోసుకె సుజుకి 1909లో దాన్ని అజినొమొటో పేరుతో అమ్మకానికి పెట్టాడు. అప్పట్లో గోధుమ గ్లుటెన్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికించి తయారుచేసేవారు. ఆమ్లం లోహపు పాత్రలను తినేస్తుంది కాబట్టి పెద్ద మట్టి జాడీలు వాడాల్సి వచ్చింది. అసలు మలుపు 1956లో వచ్చింది. క్యోవా హక్కో సంస్థలో షుకువో కినోషిత బృందం గ్లుటామిక్ ఆమ్లపు లవణ రూపమైన గ్లుటమేట్‌ను బయటికి వదిలే బాక్టీరియాను కనిపెట్టింది. దాని పేరు కొరినెబాక్టీరియం గ్లుటామికమ్. బయోటిన్ అనే విటమిన్ కొరతగా ఉన్నప్పుడు ఈ సూక్ష్మజీవి కణపొరలో మార్పు వచ్చి, లోపల తయారైన గ్లుటమేట్ బయటికి వస్తుంది. నేడు చెరకు మొలాసిస్, మొక్కజొన్న, కర్రపెండలం పిండి పదార్థాలను పులియబెట్టే దీన్ని తయారుచేస్తున్నారు.

ప్రోటీన్‌లో బంధించి ఉన్న గ్లుటమేట్‌కు ఈ రుచి లేదు. విడిగా ఉన్నదే నాలుకకు తెలుస్తుంది. పచ్చి టమాటా కన్నా బాగా పండినదానిలో, పాల కన్నా ఏళ్ల తరబడి మాగిన జున్నులో ఆ కమ్మదనం ఎక్కువ ఉండటానికి కారణం ఈ విడి గ్లుటమేటే. తల్లిపాలలోనూ అది విడిగా ఉంటుంది. చింతపండు పులుపు ఘాటుగా ఉన్న పులుసులో టేస్టింగ్ సాల్ట్ అంతగా పనిచేయదు, ఆమ్లత్వం పెరిగేకొద్దీ గ్లుటమేట్ రూపం మారి రుచి తగ్గుతుంది. ఇందులో సోడియం సుమారు 12 శాతం, మామూలు ఉప్పులో 39 శాతం. అందుకే ఉప్పు కొంత తగ్గించి దీన్ని చిటికెడు వేస్తే మొత్తం సోడియం తగ్గుతుంది.

దీని మీద అనుమానం 1968లో మొదలైంది. చైనీస్ హోటల్ భోజనం తర్వాత మెడ తిమ్మిరెక్కుతోందని, గుండె దడగా ఉంటోందని ఒక డాక్టర్ అమెరికా వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. వంటలో పోసే మద్యం, ఉప్పు, గ్లుటమేట్ అంటూ ఆయన అనుమానించినవి చాలానే ఉన్నా, నింద గ్లుటమేట్ ఒక్కదానికే అంటుకుంది. మరుసటి ఏడాది జాన్ ఓల్నీ అనే పరిశోధకుడు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు చర్మం కింద దీన్ని పెద్ద మోతాదులో ఎక్కించి, మెదడుకు హాని జరిగినట్టు చూపాడు. సూదితో ఎక్కించడం వేరు, తినడం వేరు. తిన్న గ్లుటమేట్‌లో చాలా భాగాన్ని పేగు కణాలే శక్తికి వాడేసుకుంటాయి. తమకు పడదని చెప్పినవారి మీద జరిపిన పరీక్షల్లో, ఆహారంతో కాక విడిగా ఎక్కువ మోతాదు ఇచ్చినప్పుడు కొందరికి తాత్కాలిక ఇబ్బందులు కనిపించాయి గానీ, మళ్లీ ఇస్తే అవే లక్షణాలు నిలకడగా రాలేదు. దీనికి రోజువారీ పరిమితి అక్కర్లేదని అంతర్జాతీయ నిపుణుల సంఘం 1987లో చెప్పింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ మాత్రం 2017లో శరీర బరువులో కిలోకు రోజుకు 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది.

భారతదేశంలో 2015 నాటి మ్యాగీ నూడుల్స్ వివాదంలో సీసంతో పాటు ఇదీ చర్చకు వచ్చింది. పొట్లం మీద 'కలపలేదు' అని రాసి ఉండగా పరీక్షలో గ్లుటమేట్ కనిపించింది. టమాటా, ఉల్లి, ప్రోటీన్ సారాల్లో సహజంగా ఉన్నదానికీ బయటి నుంచి కలిపినదానికీ రసాయనికంగా తేడా లేదు. అందుకే ఒక్క పరీక్షతో ఎవరినీ తప్పుపట్టకుండా, తయారీ కేంద్రంలో ఈ లవణపు నిల్వలు ఉన్నాయేమో చూడాలని భారత ఆహార భద్రతా సంస్థ 2016లో అధికారులకు సూచించింది.