అరసున్నా, ఇంగ్లీషు కొక్కెమూ

దుక్మ్‌లో ఒకనాటి సాయంత్రం సముద్రపు గాలికి వాకిట కూర్చుని మా అబ్బాయి ఇంగ్లీషు పద్యం చదువుతున్నాడు. 'ఓవర్' అని ఉండవలసిన మాటలో నడిమి అక్షరం ఎగిరిపోయి, దాని చోట చిన్న కొక్కెం వేలాడుతున్నది. "నాన్నగారూ, ఇది అచ్చుతప్పా?" అన్నాడు. వాడికి జవాబు చెప్పబోయి మేమే నాలుగు ముక్కలు నేర్చుకున్నాము.

అది తప్పు కాదు, లెక్క. 'ఓవర్' అంటే పలుకులో రెండు మాత్రలు కాదు గాని రెండు అక్షరాలు. 'ఓర్' అంటే ఒక్కటే. పాదంలో ఎంత చోటుంటే కవి అంత మాట వాడుకుంటాడు. 1667లో వెలువడిన మిల్టన్ 'పారడైజ్ లాస్ట్'లోనూ ఇటువంటి కుదింపులు కనిపిస్తాయి. భూతకాలపు క్రియల చివరి 'ఎడ్'ను ఒకప్పుడు విడిగా పలికేవారు. పలుకులో అది జారిపోయాక రాతలోనూ తీసివేసి కొక్కెం పెట్టారు. వచనంలో సైతం ఈ అలవాటు పాకింది. 1710లో స్విఫ్ట్ 'టాట్లర్' పత్రికలో ఈ కుదింపులపై మండిపడ్డాడు. కాలక్రమాన వచనంలో 'ఎడ్' పూర్తిగా రాయడం మళ్ళీ స్థిరపడింది. పలుకు మాత్రం వెనక్కు రాలేదు.

మరి మన ఇంట్లో ఇటువంటిది లేదా? అరసున్నా ఉన్నదిగదా! తమిళులు 'మూన్ఱు' అంటే మన పూర్వులు 'మూఁడు' అని రాశారు. అణగిపోయిన అనునాసికానికి ఆ అరసున్నా ఆనవాలు. 'ఏడు' అంటే సంఖ్య, 'ఏఁడు' అంటే సంవత్సరం. ఇక పద్యంలో దాని ఉపయోగం చూడండి: 'చేయంగ' అంటే నడిమి అక్షరం గురువు, 'చేయఁగ' అంటే లఘువు. గణం ఏది కోరితే కవి అది తీసుకున్నాడు. ఇంగ్లీషు కవి కొక్కెంతో చేసిన పని మన కవి అరసున్నాతో చేశాడన్నమాట.

పలుకులో కుదిరిన మాట రాతకెక్కాలా అన్న తగవూ మనకు కొత్త కాదు. 'వచ్చుచున్నాఁడు' జనం నోట 'వస్తున్నాడు' అయింది. శిష్టుల వాడుకే రాతకు తగినదని గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పోరాడారు. 1919లో 'తెలుగు' అనే పత్రికనూ నడిపారు. ఆయన గెలుపు వల్లనే మేము ఈ నాలుగు మాటలు ఇంత తేలికగా రాయగలుగుతున్నాము. నిత్యవ్యవహారపు అచ్చులో అరసున్నా, బండిరా కనుమరుగయ్యాయి. అందుకు మేము విచారించడం లేదు.

విచారమల్లా మరొకటి. ఊరినుంచి పెట్టెలో తెచ్చుకున్న తాతగారి భారతం తెరిచి, మా అబ్బాయి మొదటి పద్యంలోనే ఆగి, అదే ప్రశ్న వేశాడు: "ఇదీ అచ్చుతప్పేనా?" ఇంగ్లీషు కొక్కేనికి బడిలో చెప్పేవారున్నారు. అరసున్నాకు ఇంట్లో మేము తప్ప ఎవరున్నారు?

ఇక్కడి అరబ్బీ బోర్డు మీద దుక్మ్ పేరులో హ్రస్వ ఉకారం రాయరు. దాల్, ఖాఫ్, మీమ్ చూసి, భాష తెలిసినవాడు దానిని తానే పూరించుకుంటాడు. రాయని అక్షరాన్ని పలికించేది, రాసిన అరసున్నాకు అర్థం చెప్పేది, ఇంట్లో చెవిన పడిన భాషే. వారానికొక సాయంత్రం, ఒక్క పద్యం, పిల్లల పక్కన కూర్చుని చదువుదాం. తాతగారి పుస్తకం తప్పుల పుట్టగా మిగలకుండా ఉండడానికి అంతమాత్రం చాలు.